అద్దె ఎలక్ట్రిక్ కారుతో అరకు ఎక్కొచ్చా?

ప్రశ్న: పదేళ్లుగా పెట్రోలు బండ్లే నడుపుతున్నాను. ఇప్పుడున్నది టర్బో పెట్రోలు, మాన్యువల్ గేర్లు. ఘాట్ రోడ్డంటే నాకు ప్రాణం. దసరా సెలవుల్లో మా అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలతో గుంటూరు నుంచి రైల్లో విశాఖ వెళ్లి, అక్కడ మూడు రోజులకు కారు అద్దెకు తీసుకుందామనుకుంటున్నాం. పెట్రోలు కారు కన్నా తక్కువ అద్దెకు నెక్సాన్ ఈవీ, 40.5 యూనిట్ల బ్యాటరీది ఇస్తామంటున్నారు. అరకు, కుదిరితే లంబసింగి చూడాలని ఉంది. ఘాట్ ఎక్కగలదా? మధ్యలో ఆగిపోతే ముసలావిడతో, పిల్లలతో ఏం చేయాలి? గేర్లు లేని బండి నాలాంటివాడికి నచ్చుతుందా? – గుంటూరు పాఠకుడు

సమాధానం: అరకు వరకు నిశ్చింతగా తీసుకెళ్లండి. లంబసింగిని మాత్రం ఈ ప్రయాణంలోంచి తీసేయండి. మీరు భయపడాల్సింది ఘాట్‌కి కాదు. ఎలక్ట్రిక్ బండి ఘాట్ ఎక్కడానికి ఏమాత్రం ఇబ్బంది పడదు. రాత్రి మీరు దిగే హోటల్లో 15 ఆంప్స్ ప్లగ్గు, దానికి సరైన ఎర్తింగ్ ఉన్నాయా లేవా అన్నదే ఈ ప్రయాణానికి అసలు ప్రశ్న. అది తేలాకే అడ్వాన్సు కట్టండి.

ముందు లెక్క చూద్దాం. యూనిట్ అంటే కరెంటు బిల్లులో కనిపించే యూనిట్టే, అంటే ఒక కిలోవాట్ అవర్. 40.5 యూనిట్ల బ్యాటరీలో మనం వాడుకునేది 38 అనుకుందాం. 2023 సెప్టెంబరులో వచ్చిన కొత్త రూపానికి కంపెనీ చెప్పిన రేంజి 465 కిలోమీటర్లు. అది పరీక్షశాల అంకె. ఐదుగురు కూర్చుని, ఏసీ వేసుకుని, 70–80 వేగంతో మైదానంలో పోతే కిలోమీటరుకు 140 వాట్ అవర్ల (0.14 యూనిట్) వరకు ఖర్చవుతుంది. అంటే ఫుల్ చార్జికి 270 కిలోమీటర్లు. మీ లెక్కలన్నీ ఈ అంకె మీదే వేసుకోండి.

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట (ఎస్.కోట) దాకా సుమారు 55 కిలోమీటర్లు మైదానం. ఎస్.కోట దాటాక కొండలు మొదలవుతాయి. టైడా, అనంతగిరి మీదుగా ఎక్కి అరకు లోయలోకి దిగాలి. బండి, మనుషులు, సామాను కలిపి 1,750 కిలోలు అనుకుంటే, ఆ బరువును వెయ్యి మీటర్లు పైకి ఎత్తడానికి 4.8 యూనిట్లు కావాలి. మోటారులో, గేర్‌బాక్సులో పోయే నష్టంతో కలిపి ఐదున్నర. ఇది మీ బరువుకూ కొండ ఎత్తుకూ సంబంధించిన ఖర్చు. ఎంత నెమ్మదిగా నడిపినా ఇందులో పెద్దగా మిగలదు.

కాబట్టి ఎస్.కోట దాకా ఏడున్నర యూనిట్లు, అక్కణ్నుంచి అరకు దాకా 13–14 యూనిట్లు, మొత్తం 21. విశాఖలో 100 శాతంతో బయల్దేరితే ఎస్.కోటలో 80 శాతం దగ్గర, అరకులో 40–45 శాతం దగ్గర ఉండాలి. ఎస్.కోట మీకు గట్టి గుర్తు. అక్కడ మీటరు చూడండి. ముందున్న ఘాట్‌కి 36 శాతం కావాలి, చేతిలో 20 ఉంచుకోవాలి. అందుకే ఎస్.కోటలో 60 శాతం కన్నా తక్కువ కనిపిస్తే ఎక్కకండి. దగ్గర్లోని చార్జర్ దగ్గరికి వెళ్లి నింపుకుని అప్పుడు బయల్దేరండి. మధ్యలో ఆగిపోతే ఏంటన్న మీ భయానికి సమాధానం ఈ 60 శాతం హద్దే.

వచ్చేటప్పుడు లెక్క తిరగబడుతుంది. ఎక్కేటప్పుడు పెట్టిన ఐదున్నర యూనిట్లలో సుమారు మూడు దిగేటప్పుడు బ్యాటరీలోకి తిరిగొస్తాయి. అరకు నుంచి విశాఖకు 12–13 యూనిట్లు, అంటే బ్యాటరీలో మూడోవంతు సరిపోతుంది. అయితే అరకు నుంచి బయల్దేరగానే దిగుడు కాదు. సుంకరిమెట్ట దాటి గాలికొండ వైపు మళ్లీ కొంత ఎక్కాలి. ఆ మొదటి అరగంటలో శాతం గబగబా తగ్గుతుంటే కంగారుపడకండి. అరకులో 50 శాతానికి తగ్గకుండా బయల్దేరితే చాలు.

ఇక్కడొక మాట. తెర మీద పెద్దగా కనిపించే కిలోమీటర్ల అంకెను ఘాట్‌లో అసలు నమ్మొద్దు. అది గడిచిన కొద్దిసేపటి ఖర్చును బట్టి ముందుదాన్ని ఊహిస్తుంది. ఎక్కుతున్నంతసేపూ కొండ అలాగే కొనసాగుతుందనుకుని 250 నుంచి 120కి పడిపోతుంది. దిగుతుంటే మళ్లీ పెరుగుతుంది. మీరు చూడాల్సినవి రెండే: బ్యాటరీ శాతం, గమ్యానికి మిగిలిన దూరం.

హోటల్ సంగతి. "చార్జింగ్ ఉందా?" అని అడిగితే సెల్‌ఫోన్ అనుకుని అందరూ ఉందనే అంటారు. అడగాల్సింది ఇలా: బండి నిలిపే చోటికి ఐదు మీటర్లలోపు 15 ఆంప్స్ సాకెట్ ఉందా? గీజరుకో ఏసీకో పెట్టే పెద్ద మూడు పిన్నుల సాకెట్టేనా? దానికి విడిగా 16 లేదా 20 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతటదే ఆపేసే స్విచ్) ఉందా? ఎర్తింగ్ ఉందా? రాత్రంతా వాడుకోనిస్తారా, యూనిట్‌కి ఎంత తీసుకుంటారు? సాకెట్ ఫొటో వాట్సాప్‌లో పంపమనండి. ఫొటోలో సాకెట్ అంచు గోధుమరంగులోకి తిరిగి కనిపిస్తే ఇంకో హోటల్ చూసుకోండి.

బండితో వచ్చే పోర్టబుల్ చార్జర్ గంటకు సుమారు మూడు యూనిట్లు తీసుకుంటుంది. రాత్రి తొమ్మిదికి పెట్టి పొద్దున ఏడుకి తీస్తే బ్యాటరీలోకి 27–28 యూనిట్లు ఎక్కుతాయి. అంటే 30 శాతంతో వచ్చినా తెల్లారేసరికి నిండుతుంది. కానీ పది గంటలపాటు ఆగకుండా 13–14 ఆంప్స్ లాగడం మామూలు సాకెట్‌కి పెద్ద పని. గీజరు పావుగంటలో ఆగిపోతుంది, ఇది ఆగదు. లోపలి స్క్రూ వదులుగా ఉన్నా, తీగ సన్నగా ఉన్నా సాకెట్ వేడెక్కి కరుగుతుంది. కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఉండాలి, 4 అయితే నిశ్చింత. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడనే వాడొద్దు. చార్జింగ్ మొదలైన అరగంటకు వెళ్లి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి ఆనించి ఉంచలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపేయండి.

ప్లగ్గు పెట్టగానే చార్జర్ పెట్టె మీద ఎర్రలైటు వెలిగితే తొంభై పాళ్లు అది ఎర్తింగ్ లోపమే. బండిది కాదు. చార్జర్ ముందుగా ఎర్త్ తీగను పరీక్షించి, సరిగా లేకపోతే కరెంటు లాగనంటుంది. మిమ్మల్ని షాకు నుంచి కాపాడటానికే ఆ ఏర్పాటు. ఎలక్ట్రీషియన్ ఎవరైనా ఎర్త్‌నీ న్యూట్రల్‌నీ కలిపి ముడేసి లైటు పచ్చగా మారుస్తానంటే ఒప్పుకోవద్దు. న్యూట్రల్ తెగిన రోజున బండి ఇనుము మొత్తానికి కరెంటొస్తుంది. హోటల్ జనరేటర్ మీద నడుస్తున్నప్పుడు కూడా చాలాసార్లు ఈ ఎర్రలైటే వస్తుంది. కరెంటు వచ్చేదాకా ఆగాలి. వాన పడుతుంటే చార్జింగ్ చేయొచ్చు గానీ చార్జర్ పెట్టెను నేలమీద నీళ్లలో వదలకండి, ఏ కొక్కేనికో తగిలించండి.

అరకులో ఫాస్ట్ చార్జర్ ఉందని యాప్ చూపించినా, ముందురోజు అక్కడికి ఫోన్ చేసి పనిచేస్తోందని తెలుసుకునేదాకా దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. యాప్‌లో పచ్చగా కనిపించడం వేరు, గన్ను (బండికి తగిలించే చార్జర్ పిడి) పెడితే కరెంటు రావడం వేరు. విశాఖలో ఉండగానే రెండు మూడు యాప్‌లు ఎక్కించుకుని, ఒక్కోదాని వాలెట్‌లో 500 రూపాయలు వేసుకోండి. చార్జర్ దగ్గర సిగ్నల్ లేక, ఓటీపీ రాక అవస్థపడేవాళ్లే ఎక్కువ. పబ్లిక్ చార్జింగ్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అన్నీ కలిపి యూనిట్ సుమారు 20 రూపాయలు అనుకోండి.

ఫాస్ట్ చార్జర్ వాడే పద్ధతి మీకు కొత్త కాబట్టి, మొదటిసారి విశాఖలోనే, తొందర లేనప్పుడు చేసి చూడండి. బండి పార్కులో పెట్టి ఆపేయాలి. యాప్‌లో కేవలం స్టేషన్ పేరు కాదు, మీ చేతిలో ఉన్న గన్ను నంబరు కూడా సరిచూసుకోండి. గన్నును టక్కుమని శబ్దం వచ్చేదాకా తోయండి. అది బరువుగా ఉండి కిందికి వేలాడుతుంది. మొదటి అర నిమిషం, అంటే బండీ చార్జరూ మాట్లాడుకునే ఆ కాసేపు, గన్నును కింద నుంచి కొద్దిగా పైకెత్తి పట్టుకోండి. చాలా బండ్లలో తొలి ప్రయత్నం విఫలమయ్యేది ఆ వదులు వల్లే. అయినా మొదలు కాకపోతే చార్జర్ మీదున్న ఎర్రటి ఎమర్జెన్సీ బటన్‌ను ఎవరైనా నొక్కి వదిలేశారేమో చూడండి. తిప్పితే బయటికొస్తుంది. అయ్యాక ముందు యాప్‌లో ఆపి, తర్వాత బండి తాళం తీసి, అప్పుడు గన్ను లాగాలి. రాకపోతే బలం చూపించొద్దు. రిమోట్‌తో ఒకసారి లాక్ చేసి అన్‌లాక్ చేస్తే లోపలి పిన్ను వదులుతుంది.

50 కిలోవాట్ల చార్జర్ మీద 10 నుంచి 80 శాతానికి దాదాపు గంట పడుతుంది. 80 దాటాక వేగం బాగా తగ్గుతుంది. బ్యాటరీ నిండేకొద్దీ సెల్ వోల్టేజీ హద్దుకు చేరుతుంది, అదే వేగంతో తోస్తే లిథియం లోపల పూతలా పేరుకుని సెల్ పాడవుతుంది. అందుకే బండే కరెంటు తగ్గించేస్తుంది. చివరి 20 శాతం కోసం చార్జర్ దగ్గర కూర్చోవడం దండగ. దాన్ని రాత్రి ప్లగ్గుకు వదిలేయండి.

బండి తీసుకునేటప్పుడు. నంబరు ప్లేటు చూడండి. ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే వాణిజ్య వాహనం, తెల్ల అక్షరాలుంటే సొంత వాడకం బండి. తెల్ల అక్షరాల బండిని అద్దెకిస్తుంటే ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర చిక్కొస్తుంది. తీసుకోవద్దు. డిక్కీలో పోర్టబుల్ చార్జర్ ఉందో లేదో కళ్లతో చూసి, మీ ముందే ఒకసారి ప్లగ్గు పెట్టించండి. స్టెప్నీ ఉందా, పంక్చర్ కిట్టేనా? తిరిగిచ్చేటప్పుడు ఎంత శాతం ఉండాలి, తక్కువైతే ఎంత పట్టుకుంటారు? రోడ్డు మీద ఆగితే ఎవరికి ఫోన్ చేయాలి? ఆ బండిని ఫ్లాట్‌బెడ్ లారీ మీదే ఎక్కించాలి. ముందు చక్రాలు నేలకు తగులుతూ తాడుకట్టి లాగితే చక్రాలతోపాటు మోటారూ తిరిగి కరెంటు పుట్టిస్తుంది, లోపలి ఎలక్ట్రానిక్స్ పాడయ్యే ప్రమాదముంది. ఇది దారిలో సాయానికి వచ్చే ట్రాక్టరువాళ్లకు తెలియకపోవచ్చు, మీరే చెప్పాలి. టైర్లలో గాలి డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత, బండి చల్లగా ఉన్నప్పుడే పట్టించండి.

అద్దె బండ్ల బ్యాటరీ ఎంత అరిగిందో కాగితం మీద తేలదు. దానికో సులువైన పరీక్ష ఉంది, మొదటి రోజు కార్యక్రమాన్ని కూడా అదే నిర్ణయిస్తుంది. మొదటి రోజు ఘాట్ వద్దు. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి వెళ్లి రండి. రానూ పోనూ దాదాపు 60 కిలోమీటర్లు, సముద్రం పక్కన సాఫీ రోడ్డు. 20–24 శాతం ఖర్చయితే బ్యాటరీ బాగున్నట్టు. ఏ హడావుడీ లేకుండా నడిపినా 30 దాటితే మర్నాడు అరకు తీసుకెళ్లకండి, బండి మార్చమనండి. పైన చెప్పిన శాతాలన్నీ ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీకే వర్తిస్తాయి. వాళ్లు మార్చి ఇచ్చేది 30 యూనిట్ల చిన్న బ్యాటరీ బండి అయితే ఎక్కడానికే నాలుగింట మూడొంతులు పోతుంది. హోటల్ ప్లగ్గు నూటికి నూరుపాళ్లు ఖాయమైతే తప్ప దాన్ని ఒప్పుకోవద్దు.

ఆ బీచ్ రోడ్డు మీదే మీ కాళ్లకు కొత్త అలవాటు నేర్పండి. మాన్యువల్ నడిపేవాడి ఎడమ కాలు క్లచ్ కోసం వెతుకుతుంది, దొరక్క బ్రేకును బలంగా తొక్కుతుంది. వెనక బండి వచ్చి గుద్దేది అప్పుడే. ఎడమ కాలును ఫుట్‌రెస్టు మీద ఆనించి అక్కణ్నుంచి కదల్చకండి. తర్వాత రీజనరేషన్, పొట్టిగా రీజన్. యాక్సిలరేటర్ వదిలితే మోటారు జనరేటర్‌గా మారి బండిని ఆపుతూ బ్యాటరీ నింపుతుంది. ఈ బండిలో సున్నా నుంచి మూడు వరకు స్థాయిలుంటాయి. కొత్త రూపంలో స్టీరింగ్ వెనక ప్యాడిళ్లతో, అంతకుముందు వచ్చిన నెక్సాన్ ఈవీ మ్యాక్స్‌లో అయితే కన్సోల్ మీది బటన్లతో మార్చుకోవాలి. కొత్తవలస–కిరండూల్ మార్గంలో ఇనుప ఖనిజం నింపుకుని ఘాట్ దిగే గూడ్సు రైళ్లకూ ఎలక్ట్రిక్ ఇంజన్ మోటార్లే ఇలా బ్రేకుగా పనిచేస్తాయి. మీరు దిగే కొండా అదే.

ఘాట్ ఎక్కేటప్పుడు సాదాగా సిటీ మోడ్, రీజన్ ఒకటి. ఎకో మోడ్‌లో స్పందన మందంగా ఉండి, లారీని దాటేటప్పుడు చిరాకు పెడుతుంది. దిగేటప్పుడు రీజన్ మూడు. మీరు సెకండ్ గేరులో దిగే చోట ఇది అదే పని చేస్తుంది, బ్రేకులు వేడెక్కవు. కానీ ఒక షరతు: బ్యాటరీ 100 శాతం ఉంటే వచ్చే కరెంటుకి లోపల చోటుండదు, రీజన్ బలహీనపడుతుంది లేదా ఉండదు. ఇంజన్ బ్రేకింగ్ వస్తుందనుకుని మలుపులోకి దిగినవాడికి అది లేకపోతే గుండె ఆగినంత పనవుతుంది. అందుకే అరకులో పొద్దున 90–95 దగ్గర ప్లగ్గు తీసేయండి.

వెనక సీట్లో అమ్మగారినీ పిల్లలనీ మరవకండి. రీజన్ మూడులో కాలు టక్కున ఎత్తితే తల ముందుకు ఊగుతుంది. పది మలుపుల్లో వాంతులు మొదలవుతాయి. కాలును ఒక్కసారిగా ఎత్తకుండా, నెమ్మదిగా వదలడం నేర్చుకోండి. మైదానంలో ఒకటో స్థాయి చాలు.

సముద్రపు గాలికి నిలబడ్డ బండి డిస్కులకు తొందరగా తుప్పు పడుతుంది. రీజన్ వల్ల ఎలక్ట్రిక్ బండిలో బ్రేకు ప్యాడ్లకు పని తక్కువ, ఆ తుప్పు గీసుకుపోదు. ఎస్.కోటకు ముందు ఖాళీ రోడ్డు చూసుకుని, రీజన్ సున్నాలో పెట్టి, 60 వేగం నుంచి రెండు మూడుసార్లు గట్టిగా బ్రేకు వేయండి. మొదటిసారి వచ్చే గరగర మూడోసారికి పోవాలి. పోకపోతే, బండి ఒక పక్కకి లాగితే, ఘాట్ ఎక్కొద్దు.

ఇక మీ చివరి ప్రశ్న, నచ్చుతుందా అని. ఇంజన్ శబ్దం, గేరు మార్చేటప్పుడు చేతికి అందే ఆ బిగువు, రెవ్ మ్యాచ్ చేసి (గేరు తగ్గించేటప్పుడు ఇంజన్ వేగాన్ని దానికి సరిపోల్చి) మలుపులోకి దూరడం ఇందులో ఉండవు. వాటికి బదులు ఇంకేదో ఉందని చెబితే అబద్ధమవుతుంది. ఉన్నది వేరే సుఖం. టైడా దాటాక ఒక హెయిర్‌పిన్‌లో పదిహేను వేగంతో తిరిగి, స్టీరింగ్ నేరుగా వచ్చాక యాక్సిలరేటర్ తొక్కి చూడండి. మీ టర్బో బండి అక్కడ ఫస్టు గేరా సెకండా అని తడబడి, టర్బో అందుకునేదాకా ఒక క్షణం ఆగుతుంది. ఇందులో ఆ క్షణం లేదు. 215 న్యూటన్ మీటర్ల టార్కు సున్నా నుంచే ఉంటుంది. అదే ప్రమాదం కూడా. ఇది ముందు చక్రాలతో నడిచే బండి. స్టీరింగ్ తిరిగి ఉండగానే, అందులోనూ అక్టోబరు వానకు తడిసిన రోడ్డు మీద, స్పోర్ట్ మోడ్‌లో తొక్కితే లోపలి చక్రం జారి బండి మలుపు బయటికి పోతుంది. పెట్రోలు బండిలో కన్నా అర క్షణం ఆలస్యంగా తొక్కండి.

బ్యాటరీ నేలకింద ఉంటుంది కాబట్టి మలుపుల్లో బండి తక్కువ ఒరుగుతుంది, అతుక్కుపోయినట్టనిపిస్తుంది. ఆ ధీమాతో వేగం పెంచకండి. ఇదే సైజు పెట్రోలు బండి కన్నా బాగా బరువెక్కువ, దిగుడులో ఆ బరువంతా ముందుకు తోస్తుంది. శబ్దం బాగా తక్కువ కాబట్టి సంతల దగ్గర, పశువులు నిలబడే చోట మీరొస్తున్నట్టు తెలియకపోవచ్చు. ప్రతి మూసుకుపోయిన మలుపులో హారన్ కొట్టండి.

లంబసింగి ఎందుకు వద్దన్నానంటే, అరకు నుంచి పాడేరు మీదుగా అది దాదాపు 90–100 కిలోమీటర్లు, దారంతా ఎక్కుడు దిగుడు. అక్కణ్నుంచి మళ్లీ విశాఖకు 130 వరకు. ఫుల్ చార్జికి మనం వేసుకున్న 270లో కొండదారి ఖర్చు తీసేస్తే చేతిలో ఏమీ మిగలదు. పైగా అక్కడి మంచు చూడాలంటే డిసెంబరు, జనవరి తెల్లవారుజామున వెళ్లాలి. దసరాకి అంత కష్టపడి వెళ్లినా దక్కేది తక్కువ. ఆ రోజు చాపరాయి, పద్మాపురం ఉద్యానవనం చూసి, తిరుగు దారిలో బొర్రా గుహలకు సమయమివ్వండి. లోపల మెట్లు చాలా ఉన్నాయి, అమ్మగారి మోకాళ్లను బట్టి నిర్ణయించుకోండి.

చివరి రోజు మధ్యాహ్నం పన్నెండులోపు అరకు వదలండి. వెలుగుండగానే ఘాట్ దిగి, పెందుర్తి చేరాక మీటరు చూడండి. అద్దెవాళ్లు చెప్పిన శాతం కన్నా తక్కువుంటే రైలు టైముకు రెండు గంటల ముందే నగరంలో ఫాస్ట్ చార్జర్ దగ్గర నింపేయండి. సాయంత్రం ఆరు దాటితే టాక్సీలు వచ్చి అక్కడ వరుస కట్టొచ్చు.